కానుక కోళ్లూ గోడలో పురుగూ

సర్వశక్తుడైన దేవునికి స్తోత్రం. ఆకాశంలో ఎగిరే పక్షినీ, నేలమీద పాకే ప్రతి పురుగునూ నోటి మాటతో చేసి, బాగుందని చూసుకున్నవానికి స్తోత్రం. మనుషులు మొహం చూసి తీర్పు చెబుతారు, ఆయన లోపల చూస్తాడు. ఆ ఒక్క నమ్మకం లేకపోతే నేను ఈ వయసు దాకా విశ్వాసంలో నిలిచేదాన్ని కాదు. అందుకే ముందు ఆయన్ని స్తుతించి, ఆ తర్వాతే మా సంఘం గురించి చెబుతాను. ఈ వరుస తప్పితే నా నోట చేదు తప్ప ఇంకేమీ రాదు.

మాది కడంబత్తూరుకూ తిరువళ్లూరుకూ మధ్య, రైలు పట్టాలకు కొంచెం ఎడంగా ఉన్న చిన్న కాలనీ. తెలుగు మాట్లాడే క్రైస్తవ కుటుంబాలే ఎక్కువ. మగవాళ్లలో కొందరు మణవాళనగర్ వైపు ఫ్యాక్టరీలకు పోయేవారు, మిగిలినవారు పొలాల్లో కూలికి. బళ్లో మాకు తమిళమే. తెలుగు అక్షరాలు మాత్రం ప్రార్థన మందిరంలో, వాక్యం చదవడం కోసం నేర్చుకున్నాం. నేను చెప్పబోయేది డెబ్బైల చివర్లో జరిగింది. అప్పటికి నేను ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేదాన్ని. ఆదివారం పొద్దున చిన్నపిల్లలకు వాక్యం చెప్పేదాన్ని.

మందిరం అంటే మట్టి గోడలు, తాటాకు కప్పు, ముందు భాగంలో ప్రభువు బల్ల. మా సంఘానికి పెద్ద మా మామ, అమ్మకు సొంత అన్న. వాక్యం ఆయనే చెప్పేవాడు, నెలకొకసారి మొదటి ఆదివారం ప్రభువు మరణానికి జ్ఞాపకంగా ఆ బల్ల దగ్గర రొట్టె విరిచి అందరికీ పంచేదీ ఆయనే. ఆ రొట్టె చేసేది మా అమ్మ.

రొట్టె చేయడానికి మా వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. అది లేఖనంలో ఉన్నది కాదు, మా అమ్మమ్మ కాలం నుంచి వచ్చింది. రొట్టె చేసే మనిషి శనివారం సాయంత్రం తలస్నానం చేసి, ఒంటరిగా మందిరంలోకి వెళ్లాలి. అన్నం తినకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. బల్ల దగ్గరే చాప వేసుకుని పడుకుని, తెల్లవారకముందే లేచి పులియని పిండి కలిపి పెనం మీద కాల్చాలి, ఎండు ద్రాక్ష పిండి రసం తీయాలి. ఆరాధన ముగిసేదాకా నోరు విప్పకూడదు. లోకం మాట నోట్లో ఉన్నవాళ్ల చేతి రొట్టె శుద్ధంగా ఉండదని పెద్దవాళ్లు అనేవారు. అమ్మకు ఆ మౌనం అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. నెలంతా చాకిరీ చేసే మనిషికి దేవుడితో ఒంటరిగా ఉండే సమయం అదొక్కటే.

మా వాళ్లు డబ్బు కంటే ఎక్కువగా కోళ్లనే కానుక ఇచ్చేవారు. బిడ్డకు జ్వరం తగ్గిందనీ, ఆవు ఈనిందనీ కోడిని తెచ్చి అప్పగించేవారు. నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసేవారు. అప్పటిదాకా ఆ కోళ్లు మామ ఇంట్లో ఉండేవి. ఒక సంవత్సరం అత్త, అంటే మామ భార్య, ఇక తన ఇంట్లో పెట్టుకోనని పట్టుబట్టింది. మామ వాటిని మందిరంలోకి మార్చాడు. బల్లకు వెనక గోడ వారగా కట్టెల మోపు, దాని పక్కన కోళ్ల గంపలు. అమ్మ చాప వేసుకునేది ఆ గోడ దగ్గరే.

కోళ్లు వచ్చాక కొన్నాళ్లు ఏమీ జరగలేదు. తర్వాత ఒక మొదటి ఆదివారం నేను మందిరానికి వెళ్లేసరికి అమ్మ ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. రెప్ప ఉబ్బి, చెంప దాకా ఎర్రగా వాచింది. ఏమైందమ్మా అని అడిగితే చెయ్యి ఊపింది. మౌనం కదా. కొంగు కన్ను మీదికి లాక్కుని రొట్టె తట్ట బల్ల మీద పెట్టింది. రెండు రోజుల్లో వాపు తగ్గింది. పై నెల మొదటి ఆదివారం రెండు పెదవులూ వాచాయి. మామ రొట్టె ముక్క అందిస్తే అమ్మకు నోరు తెరవడం కష్టమైంది. అందరూ చూశారు.

వాక్యం చదివిన సంఘానికి ఇంకేం కావాలి? అపొస్తలుడు రాసిన హెచ్చరిక మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రభువు రొట్టెను అయోగ్యంగా తింటే తీర్పు ఒంటి మీదికే వస్తుంది, రోగాలు వస్తాయి. నేనే పిల్లలకు నేర్పిన మాట అది. మామూలు రోజుల్లో శుభ్రంగా ఉండే మొహం బల్ల దగ్గరికి వచ్చే రోజే వాస్తున్నదంటే దానికి అర్థం ఒకటే అనుకున్నారు.

చేతిపంపు దగ్గర ఒకామె అమ్మకు వినపడేలా అంది: "మొగుడికి రాత్రి షిఫ్టు. ఈమెకు శనివారం మందిరంలో ఒంటి పడక. దేవుడు మూతి మీదనే కొట్టినాడు చూడు."

పక్కనామె అంది: "సుమ్మా ఉండు మే, నోరు మూసుకో. రొట్టె చేసే చెయ్యి, మనకెందుకు?"

"రొట్టె చేసే చెయ్యి గాబట్టే చెప్తా ఉండా. ఆ రొట్టె నా నోట్లోకీ వస్తాది గదా."

అమ్మ బిందె నిండేదాకా నిలబడి, నడుం మీద పెట్టుకుని వచ్చేసింది.

మూడో నెల మొహమంతా వాచింది. రెండు కళ్లూ గీతల్లా అయ్యాయి, ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది. ఆ ఆదివారం మామ రొట్టె పంచుతూ అమ్మ దగ్గర ఆగి, ఇవ్వకుండా దాటి పోయాడు. రొట్టె చేసిన మనిషికి ముక్క లేదు. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు.

"నీ అన్నగా అడగడం లేదు, సంఘ పెద్దగా అడగతా ఉండా. ఏముండాదో చెప్పు."

"నా దగ్గర ఏముండాదన్నా? నువ్వెరగంది ఏముండాది?"

"నేనెరిగింది కాదు మా. ఆయనెరిగింది. సంఘం ముందర ఒప్పుకో. ఒప్పుకునేదాకా బల్ల లేదు."

నాన్న గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. రాత్రి పని చేసి వచ్చిన కళ్లు. "మీ అన్నా చెల్లెళ్లు మీరు చూసుకోండి" అని లోపలికి వెళ్లిపోయాడు. అమ్మకు అన్న మాట కంటే ఆ మాటే ఎక్కువ తగిలిందని ఆమె చూపు చూసి తెలిసింది.

ఆ తర్వాత అమ్మ చేసిన పనే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. ఆమె నిజంగానే పాపం వెతకడం మొదలుపెట్టింది. బియ్యం చెరుగుతూ చెరుగుతూ ఆగి, "ఒకతూరి మందిరం నూనె మన దీపంలో పోసినా. అదేమైనా అయ్యుంటాదా?" అనేది. ఇంకోసారి, "మీ అత్త కొత్త చీర చూసి కడుపులో ఏదోలా అయింది నాకు" అనేది. చిన్నతనంలో దొంగిలించిన మామిడికాయ దగ్గరికి కూడా వెళ్లింది. దేవుడు ఇంత చిన్నవాటికి కళ్లు వాచేలా కొట్టడమ్మా అంటే, "పెద్దది నాకు కనపడలే పాపా. నువ్వు వాక్యం చెప్తావు గదా, చెప్పు" అంది.

నాన్నకు చెప్పకుండా ఆమెను తిరువళ్లూరు ఆస్పత్రికి తీసుకెళ్లాను. చిన్న వయసు డాక్టరు, తమిళంలో ఓపిగ్గా అడిగాడు. ఎప్పుడెప్పుడు వాచింది, ఎక్కడ పడుకుంటుంది, ఇల్లు మట్టిదా, దగ్గర కోళ్లు గానీ ఎలుకలు గానీ ఉంటాయా. నేను మందిరం సంగతి అంతా చెప్పాను. ఆయన ఒక సంగతి చెప్పాడు. దక్షిణ అమెరికా పల్లెల్లో మట్టి ఇళ్ల పగుళ్లలో ఒక రకం పురుగులు ఉంటాయట. చీకట్లో బయటికి వచ్చి నిద్రపోయేవారి మొహం దగ్గర కుట్టి రక్తం తాగుతాయట. వాటివల్ల చాగస్ అనే జబ్బు వచ్చి ఏళ్ల తర్వాత గుండెను పాడు చేస్తుందట. ఒక కన్ను ఇలా మూసుకుపోయిన బొమ్మ తాము చదువుకున్న పుస్తకాల్లో ఉందని అన్నాడు.

అమ్మ మొహం చూసి వెంటనే, "భయపడొద్దమ్మా, ఆ జబ్బు మన దేశంలో లేదు" అన్నాడు. కానీ ఆ పురుగుల జాతిదే ఒకటి మన వైపూ ఉంది, దాని కాటు కొందరి ఒంటికి పడదు, కుట్టే కొద్దీ వాపు పెరుగుతుంది, గొంతు వాస్తే ప్రాణానికే ముప్పు అని చెప్పాడు. సూది వేసి, మాత్రలు ఇచ్చి, ఆ గోడ దగ్గర మళ్లీ పడుకోవద్దన్నాడు.

మర్నాడు పట్టపగలు నేను ఒక్కదాన్నే మందిరంలోకి వెళ్లి కోళ్ల గంప జరిపాను. వెనక గోడ మీద నల్లగా, తెల్లగా కారిన మరకలు. పగులులో చీపురు పుల్ల పెట్టి తిప్పితే ఒకటి బయటికి వచ్చింది. బొటనవేలు గోరు కంటే పెద్దది. ముదురు గోధుమ రంగు, చదునైన ఒళ్లు, అంచుల చుట్టూ ఎర్రటి గీత, ముందుకు సాగిన సన్నటి తల. దాని వెనకే దుమ్ము పట్టిన పిల్లలు. ఒకటి పుల్ల కింద నలిగి రక్తం కక్కింది. అది కోడి రక్తమో మా అమ్మ రక్తమో నాకు తెలియదు. బతికున్నదాన్ని మాత్రల సీసాలో వేసి మూత పెట్టాను.

సీసా తీసుకుని నేరుగా మామ ఇంటికి వెళ్లాను. అత్త వాకిట్లో కూర్చుని చేటలో రాళ్లు ఏరుతోంది. మామ సీసా తిప్పి చూస్తుంటే అత్త మెడ సాచి చూసింది.

"ఓ, ఈ పెద్ద నల్లా, ఈ మూట్టపూచా? కోళ్లు మన ఇంట్లో ఉండినప్పుడు ఉట్టి కింద ఇవే గదా. వీటి బాధ పడలేకనే గదా కోళ్లను ఆడికి తోలమన్నా" అంది.

మామ ఆమె వైపు చూశాడు. అత్త మళ్లీ బియ్యంలోకి తల దించేసింది. నేను గెలిచాననుకున్నాను.

మామ సీసా నా చేతికిచ్చి అన్నాడు: "ఐగుప్తు మీదికి ఈగల్ని పంపింది ఎవరు? గర్వించిన రాజును పురుగులతో కొట్టింది ఎవరు? పురుగు లేదని నేనన్నానా పాపా? ఆ పురుగుకు ఎవరి మీదికి పోవాలో చెప్పింది ఎవరని అడగతా ఉండా."

"ఆడ పండుకునేది అమ్మ ఒక్కతే గదా మామా."

"సరి. ఈ తూరి నేను పండుకుంటా. చూద్దాం."

ఆయన పిరికివాడు కాదు, అది ఒప్పుకోవాలి. మొదటి ఆదివారం ముందటి శనివారం అన్నం మానేసి, అదే చాప, అదే గోడ దగ్గర పడుకున్నాడు. పొద్దున వెళ్లి చూస్తే ఆయన మెడ మీదా మోచేతి దగ్గరా దోమ కుట్టినట్టు ఎర్రటి గుర్తులు ఉన్నాయి. కుట్టాయి. నేను కళ్లారా చూశాను. కానీ మొహం ఎప్పటిలా ఉంది. వాపు లేదు, ఆయాసం లేదు. ఆరాధనలో లేచి నిలబడి, "నా మొఖం చూడండి. పురుగు పురుగే. తీర్పు తీర్పే" అన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది.

ఒకరి ఒంటికి పడనిది ఇంకొకరి ఒంటికి పడుతుందనీ, దానికీ పాపపుణ్యాలకీ సంబంధం లేదనీ డాక్టరు ముందే చెప్పాడు. నేను పిల్లలకు వాక్యం చెప్పే గొంతుతోనే లేచి ఆ మాట చెప్పాను. వెనక నుంచి ఎవరో, "తల్లికి బిడ్డ సాక్షి" అన్నారు. కొందరు నవ్వారు. ఆ వారం నుంచి పిల్లల క్లాసు ఇంకొకరికి ఇచ్చారు. ఆ నెలలోనే మలేరియా మందు కొట్టేవాళ్లు పంపులు తగిలించుకుని వచ్చారు. కాలనీలో అన్ని ఇళ్లకూ కొట్టారు. మందిరం వాకిట్లో మామ చేతులు చాచి నిలబడి, బల్ల ఉన్న చోట విషం పడకూడదని వాళ్లను పంపేశాడు.

పై నెల మొదటి ఆదివారం మామ అమ్మను నిలబడమన్నాడు. రొట్టె చేసే పని అప్పటికే ఇంకొకామెకు ఇచ్చారు. అమ్మ ఆడవాళ్ల వరసలో వెనక కూర్చుని ఉంది. ముసుగు సర్దుకుని లేచింది. ఏమి చెబుతుందో నాకు కూడా చెప్పలేదు. చేతిపంపు దగ్గర అనుకున్న పాపాన్నే ఒప్పుకుని ఈ పీడ వదిలించుకుంటుందేమోనని భయపడ్డాను. అదే జరిగితే నాన్న ఇంట్లో ఉండనివ్వడు, మా పేరు కాలనీలో మిగలదు.

"మీరంతా నా దగ్గర ఒక పాపం వెతకతా ఉండారు" అంది. "నేనూ వెతికినా. మీరనుకున్నది నా దగ్గర లేదు. దేవుని ముందర చెప్తా ఉండా, లేదు. కానీ ఒకటి కనపడింది. అది ఈ నాలుగు నెలల్లోనే వచ్చింది. నా తోడబుట్టిన అన్నను నేను ద్వేషిస్తా ఉండా. పొద్దున లేస్తే ఆయన మొఖం గుర్తొచ్చి కడుపు మండతాది. నా దగ్గర ఉండే పాపం ఇదే."

మామ బల్ల దగ్గర నుంచి దిగి వచ్చి, అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. "ఒప్పుకునింది. నా చెల్లెలు ఒప్పుకునింది" అన్నాడు. అమ్మ ఏం ఒప్పుకుందో ఆయన చెవికి ఎక్కలేదు. ఒప్పుకుంది అన్నదే ఎక్కింది. ఆ రోజు తన చేత్తోనే ఆమెకు రొట్టె ఇచ్చాడు.

ఆ తర్వాత అమ్మ మొహం మళ్లీ వాయలేదు. ఆ గోడ దగ్గర పడుకోవడం లేదు కాబట్టి వాయలేదు. కానీ సంఘం లెక్క వేరు. ఒప్పుకుంది, తగ్గింది. ఇంత స్పష్టమైన స్వస్థత మా మందిరంలో అంతకుముందు జరగలేదు. కొత్తగా రొట్టె చేసే ఆమెనూ పురుగులు కుట్టాయి గానీ, అక్కడక్కడా దద్దుర్లు తప్ప ఏమీ రాలేదు. ఆమె పవిత్రురాలని పేరు తెచ్చుకుంది. పంపు దగ్గర మా అమ్మను మాత్రం "పాపం, మారింది" అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలులో ఏముందో ఆడవాళ్లకు తెలుసు.

కొన్ని సంవత్సరాలకు, ఎనభైల్లో, మట్టి గోడలు తీసేసి ఇటుక గోడలు కట్టాలనుకున్నారు. వెనక గోడ కూల్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మట్టి పెళ్లలు విరిగినచోటల్లా ఆ పురుగులు బయటపడి వెలుతురుకు బెదిరి పరుగెత్తాయి. కూలివాళ్లు కేకలు పెట్టి వెనక్కి గెంతారు. మామ చెప్పు తీసి వాటిని వరసగా కొట్టాడు. ఇటుకల మీద రక్తపు చుక్కలు పడ్డాయి. నేను ఆయన మొహం వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన చెప్పు నేలకు రాసి, తొడుక్కుని, సిమెంటు ఎప్పుడొస్తుందని మేస్త్రీని అడిగాడు.

అది చూసిన మనిషే ఆ ఏడాది తిరుత్తణిలో జరిగిన స్వస్థత కూడికల్లో సాక్ష్యం చెప్పాడు. రైల్వే స్టేషనుకు దగ్గరలో పందిరి, చాపలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన తెలుగువాళ్లూ తమిళులూ. ఆయన తెలుగులో చెబుతుంటే ఇంకొకరు తమిళంలోకి మార్చారు. చెల్లెలి మొహం గుమ్మడికాయలా వాచిందనీ, డాక్టర్లు చేతులెత్తేశారనీ చెప్పాడు. ఆమె పాపం ఏమిటో ఈ వేదిక మీద చెప్పడానికి తనకు నోరు రాదన్నాడు. సంఘం ముందు ఏడ్చి ఒప్పుకున్న గడియలోనే వాపు దిగిపోయిందన్నాడు. "ఆ చెల్లెలు ఈ పొద్దు ఈడనే కూర్చోనుండాది" అని ఆడవాళ్ల వైపు చెయ్యి చూపించాడు.

తలలు తిరిగాయి. అమ్మ ఒళ్లో ఉన్న వాక్య గ్రంథం వైపే చూస్తూ ఉండిపోయింది. పక్కన కూర్చున్న ఒక ముసలామె, ఎవరో మాకు తెలియదు, అమ్మ చెంపను వేళ్లతో తాకి, "ఈ మొఖమేనా తల్లీ? ఎంత చక్కగా ఉండాది ఇప్పుడు. ఏం చేసినావో గానీ, దేవుడు క్షమించినాడు పో" అంది. మంచి మనసుతోనే అంది.

సాయంత్రం ప్లాట్‌ఫారం మీద కొండ గుడికి కావళ్లు మోసుకొచ్చిన భక్తుల మధ్య మేము బండి కోసం కూర్చున్నాం. నాకు కోపం ఆగలేదు.

"అబద్ధమని లేచి చెప్పకూడదా అమ్మా?"

"ఎవరికి చెప్పేది? చెప్పాల్సింది ఆ పొద్దే చెప్పినా. ఎవరికీ ఇనపడలే."

కొంగు సర్దుకుని మళ్లీ అంది: "వాపు తగ్గింది గానీ పాపా, నేను ఒప్పుకున్నది మాత్రం తగ్గలే. నెలనెలా దాన్ని కడుపులో పెట్టుకునే బల్ల దగ్గరికి పోతా ఉండా. అప్పుడు నేను యోగ్యురాల్నే, నన్ను ఆపినాడు. ఇప్పుడు కాదు, పిలిచి ఇస్తా ఉండాడు."

అమ్మ పోయి చాలా కాలమైంది. మామ కూడా పోయాడు. ఇద్దరికీ ఒకే శ్మశానంలో, కొంచెం దూరంలో, ఒకే వాక్యం చదివి మన్ను వేశారు. అమ్మ మోసిన బరువు ఆమెతో పోలేదు, నాకు వచ్చింది. నేనూ నెలనెలా బల్ల దగ్గరికి వెళుతున్నాను. రొట్టె అందుకునేటప్పుడు ఇప్పటికీ మామ గొంతు వినపడుతుంది.

ఇక్కడిదాకా చదివినవారిని ఒకటి అడుగుతున్నాను. ఒక్క నిమిషం నాతో కలిసి కళ్లు మూసుకోండి. తండ్రీ, ఒంటి మీద వచ్చిన జబ్బును చూసి మనుషులు దోషిగా నిలబెట్టిన ప్రతి ఆడమనిషి పేరునూ నువ్వే నీ నోటితో శుద్ధి చెయ్యి. మా అమ్మ నీ ముందు నిజమే చెప్పింది, ఆ ఒక్కటీ లెక్కలో రాసుకో. మా మామను నువ్వు క్షమించావో లేదో నాకు తెలియదు, నేను క్షమించలేదు, ఆ శక్తి నువ్విస్తే తప్ప నాకు రాదు. మీరు కూడా ఈ మాట నా కోసం అడగండి, అడిగి ఆమేన్ అనండి.